ఫుల్ మీల్స్ మావ

మొన్నటి గాలివానకు మా హోటల్ ముందు పెయింటు బోర్డు విరిగిపోయింది. దాని బదులు ఫ్లెక్సీ కొట్టించడానికి కాశీబుగ్గలో షాపుకు వెళ్ళాను. కంప్యూటర్ ముందున్న అబ్బాయి నా ఫోన్లోని పాత ఫొటో చూస్తూ ఒక్కో లైనూ కొట్టుకుంటూ వచ్చి, అన్నిటికంటే కింద లైను దగ్గర ఆగిపోయాడు.

"సార్, ఇక్కడ అక్షరం తప్పు పడింది. చప్పిడి అనుండాలి కదా? 'సప్పిడి మీల్సు' అని ఉంది. దిద్దేయమంటారా?"

"వద్దు. ఉన్నదున్నట్టు కొట్టు."

"తప్పు కదండీ."

"తప్పే. కొట్టు."

అబ్బాయి నన్ను అదోలా చూసి కొట్టేశాడు. అతనికేం తెలుసు? ఆ లైను అలా రాయించిన మనిషితో తప్పొప్పుల గురించి వాదించి వాదించి నా గొంతు బొంగురుపోయింది. ఒక్కసారి నెగ్గితే ఒట్టు. ఇప్పుడాయన లేడు కదా అని దిద్దించుకుంటే అది నెగ్గడం అనిపించుకోదు.

ఆయన నాకు బంధువు కాడు. మా కులం కాదు, మా మతం కాదు, మా ఊరు అసలే కాదు. నేను మావా అనేవాణ్ణి, ఆయన అల్లుడూ అనేవాడు. పలాసలో రైల్వే స్టేషను నుంచి వచ్చే దారిలో నాకొక భోజన హోటల్ ఉంది. ఆ హోటలుకు ఆయన కస్టమరు. మా మధ్య ఉన్నది అంతే. అంత మాత్రానికే నా ప్రాణం తోడేశాడు.

మా దగ్గర ఉండేవి రెండే. ప్లేటు మీల్స్, ఫుల్ మీల్స్. ప్లేటంటే పెట్టినంతే. ఫుల్ అంటే ఆకు ముందు కూర్చున్నది మొదలు లేచేదాకా అడిగినంత. పప్పు, కూర, వేపుడు, పచ్చడి, సాంబారు, చారు, పెరుగు, అప్పడం, ఆఖరున అరటిపండు. ఎంత తిన్నా ఒకటే రేటు, తినకపోయినా అదే రేటు. ఈ వ్యాపారమంతా ఒక్క నమ్మకం మీద నడుస్తుంది. కొబ్బరి లోడు లారీ దిగిన డ్రైవరు అన్నం మీద అన్నం వేయించుకుంటాడు. పక్క టేబులు మీద ఆఫీసు మేడమ్‌గారు రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కుంటారు. ఆవిడ అడగని అన్నమే నేను డ్రైవరుకు మళ్ళీ వడ్డిస్తాను. ఈ కిటుకు కస్టమర్లకు తెలియనంత కాలం హోటలువాడు చల్లగా ఉంటాడు. మావ వచ్చిన వారానికే పట్టేశాడు.

మొదటిసారి వచ్చినప్పుడు మధ్యాహ్నం రద్దీలో ఉన్నాను. పొడుగాటి నల్లటి మనిషి. లుంగీ, పొట్టి చేతుల చొక్కా, ఎడమ మోచేతి దగ్గర తెల్లటి కట్టు. మొహం ఉబ్బి ఉంది. ఆ మొహమూ ఆ కట్టూ కలిపి చూస్తే మా వీధిలో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. కవిటి వైపు నుంచి పొద్దున్నే ఆటోల్లో వచ్చి, డయాలసిస్ చేయించుకుని, మధ్యాహ్నం నీరసంగా తిరిగి వెళ్ళేవాళ్ళు రోజూ మా గుమ్మం ముందు నుంచే నడుస్తారు. ఫుల్ మీల్స్ టోకెన్ అడిగాడు. నేను మంచికి పోయి అన్నాను:

"ప్లేటు తీసుకో మావా. నీకు సరిపోతుంది."

ఆయన కౌంటర్ మీద రెండు చేతులూ ఆనించి, నా మొహంలో మొహం పెట్టాడు.

"నాను నీకు సగం మనిసిలాగ అవుపడతన్నానేటి?"

"అది కాదు మావా, ఒంట్లో బాగోలేనట్టుంది కదా అని..."

"ఒంట్లో కిడ్నీలు పోనాయి. నోరు పోనేదు. ఫుల్లు కొట్టు."

కొట్టాను. వెళ్ళి సరిగ్గా నా కౌంటరుకు ఎదురుగా ఉన్న టేబులు మీద కూర్చున్నాడు. ఆ రోజు నుంచి ఆ కుర్చీ ఆయనదే. ఎవరైనా కూర్చుని ఉంటే వాళ్ళ వెనకాల నిలబడి, వాళ్ళు తినడం చూస్తూ, "బేగి కానీయండి బాబూ" అనేవాడు. పాపం వాళ్ళు పెరుగు మానేసి లేచిపోయేవారు.

ఆకు వేయగానే కళ్ళు మూసుకుని ప్రార్థన. తమవాళ్ళు గుడ్ ఫ్రైడేకి కూడా అంత పొడుగు ప్రార్థన చెయ్యరని వాళ్ళ చర్చి ఆయనే ఒకడు ఓసారి నాతో అన్నాడు. మనసులో చేసుకుంటే నాకేం అభ్యంతరం? పైకే చేసేవాడు. "పరలోకపు తండ్రీ, ఈ ఆహారాన్ని దీవించు. వొండినోళ్ళ సేతుల్ని దీవించు. మొన్న పప్పు మాడబెట్టీసినోళ్ళని చమించు." ఆ మాటకు హాలు హాలంతా నా వైపు తిరిగేది. దేవుడికి నా మీద చాడీలు చెప్పిన కస్టమరు ఆయనొక్కడే.

ప్రార్థన అయ్యాక ఒక్కొక్క ఐటెమూ ఆకు మీద పడాలి. ఏదీ తప్పకూడదు. ముందు చూసేవాడు, తరవాత వాసన, ఆ తరవాత తీర్పు. వేపుడులో నూనె ఎక్కువ, చారులో మిరియం తక్కువ, పచ్చడి నిన్నటిది. అన్నీ అయ్యాక ఇంత అన్నం, దాని మీద చెంచాడు కూర కలుపుకుని నాలుగు ముద్దలు తినేవాడు. అంతే భోజనం. తినేది గుప్పెడు, తిట్టేది పుట్టెడు.

అక్కడితో లేస్తే నేను ఇది రాయక్కర్లేదు. తాను తినకూడనివన్నీ పంచడం మొదలెట్టేవాడు. అప్పడం పక్కనున్న లారీ డ్రైవరు ఆకులో పడేది. అరటిపండు ఎవరో పిల్లకు. పెరుగు గిన్నె ఎదురుగా ప్లేటు మీల్స్ తింటున్న ముసలమ్మ ముందుకు జరిగేది. "నా వాటా, తిను తల్లీ" అనేవాడు. ప్లేటు మీల్స్‌వాళ్ళు నెమ్మదిగా ఆయన టేబులు చుట్టూ చేరడం మొదలుపెట్టారు. నా గోడ మీద ఎర్ర రంగుతో పెద్ద అక్షరాల్లో రాసి ఉంది: ఒకరి భోజనం ఇద్దరు పంచుకొనరాదు. ఒకరోజు తట్టుకోలేక వెళ్ళి అది చూపించాను.

ఆయన తీరిగ్గా చదివాడు. "పంచుకోరాదు అని రాసినావు. నాను పంచుకోడం నేదే. పంచిపెడతన్నాను."

"రెండూ ఒకటే మావా!"

"ఒకటే అయితే అదీ రాయించు. అప్పుడు మానీస్తాను."

"ఇలా అందరికీ పంచితే నేనేం తినాలి?"

"నాను తిననిది నీకాడ ఉండిపోతంది కదేటి? దాంతోటే గదా నువ్వు ఆ లారీ బాబుకి మూడోపాలి ఎడతన్నావు? నా వాటా నా సేత్తో నానే ఎడతాను. నీకెందుకు సెరమ?"

లారీ డ్రైవరు పొలమారేదాకా నవ్వాడు. నేను వెనక్కి వచ్చి కౌంటర్లో కూర్చుని, వచ్చినవాళ్ళందరి మీదా విసుక్కున్నాను.

జబ్బు రాకముందు ఆయన పని కొబ్బరికాయలు ఒలవడం. భూమిలో గునపం పాతుకుని, కాయను దాని మీద గుచ్చి తిప్పడం. కవిటి తోటల్లో తన జోడీ లేదని చెప్పుకునేవాడు. ఆ చేతులు చూస్తే నిజమే అనిపించేది. అందులో ఎడమచేతికి ఇప్పుడు డయాలసిస్ సూది గుచ్చడానికి నరం కలిపి కుట్టారు. అక్కడ తాటిముంజెలా ఉబ్బి ఉండేది. భోజనం అయ్యాక చెయ్యి తుడుచుకుని కౌంటర్ దగ్గరికి వచ్చి, నేను వద్దు వద్దంటున్నా నా వేళ్ళు పట్టుకుని ఆ ఉబ్బు మీద పెట్టేవాడు. లోపల జుయ్‌మని అదురుతుండేది.

"సూసినావా? మోటారు తిరగతంది. కరెంటు బిల్లు నేదు."

భోజనాల వేళ, డబ్బు తీసుకునే చేత్తో అది ముట్టుకోవడం నాకు గిట్టేది కాదు. చెయ్యి లాక్కునేవాణ్ణి. ఆయన నవ్వేవాడు. కొత్తగా వచ్చిన కస్టమర్లను కూడా పిలిచి చూపించేవాడు. ఇచ్ఛాపురం నుంచి వచ్చిన ఒక ఒడియా మేస్త్రీ అది ముట్టుకుని, దండం పెట్టి, భోజనం చెయ్యకుండానే వెళ్ళిపోయాడు.

ఇదంతా భరించాను. అసలు గొడవ ఆ తరవాత వచ్చింది.

ఒక మధ్యాహ్నం ఆయన ఒంటరిగా రాలేదు. వెనకాల అయిదుగురు. అందరి చేతులకీ కట్లు. ఇద్దరు ఆడవాళ్ళు, ఒకావిడ గోడ పట్టుకుని నడుస్తోంది. వచ్చి టేబుళ్ళ ముందు కూర్చున్నారు.

"అల్లుడూ, ఈలందరికీ ఉప్పు నేకుండా భోజనం."

"ఉప్పు లేకుండా నా దగ్గరెక్కడుంది మావా? అన్నీ కలిపి వండేసినవే."

"అయితే వొండు. కూకుంటాం."

"ఇప్పుడా? ఈ రద్దీలోనా?"

"మాకు తొందరేటీ నేదు. పొద్దున్న కూకున్నాం మిసిను కాడ, ఇప్పుడు కూకుంటాం నీకాడ."

నిజంగానే కూర్చున్నారు. బయట జనం నిలబడి ఉన్నారు. లోపల ఆరు కుర్చీల్లో ఆకులు లేకుండా ఆరుగురు. లేవమని ఎలా అంటాను? అందరూ ఎక్కడ పడిపోతారో అన్నట్టు ఉన్నారు. ఆయనేమో కాలు మీద కాలేసుకుని గోడ మీద రాతలు చదువుతున్నాడు. ఎవరికి ఏం జరిగినా నా హోటల్లోనే జరిగేలా ఉంది. చివరికి వంటింట్లోంచి మా ఆవిడ బయటికి వచ్చి వాళ్ళను చూసి, నన్ను చూసి, "కాసేపు ఆగండి, అన్నం వారుస్తున్నాను. ఆనపకాయ ఉంది" అని లోపలికి వెళ్ళిపోయింది. నా హోటల్లో నా మాట ఎంత చెల్లుతుందో ఆ రోజు పలాస అంతటికీ తెలిసింది.

ఆ సాయంత్రమే మా ఆవిడ డయాలసిస్ దగ్గర పనిచేసే సిస్టరమ్మను కలిసి ఏం పెట్టొచ్చో, ఏం పెట్టకూడదో అడిగి వచ్చింది. ముక్కలు తరిగి నానబెట్టాలి, ఉడకబెట్టి ఆ నీళ్ళు పారబొయ్యాలి, అప్పుడు వండాలి. టమాటా వద్దు. కొబ్బరి వద్దు. కొబ్బరిచెట్ల కింద పుట్టి పెరిగినవాళ్ళకి కొబ్బరి వద్దట. కోడిగుడ్డులో తెల్లసొన పెట్టొచ్చు. పప్పు కొద్దిగా, మజ్జిగ ఇంకా కొద్దిగా. వింటుంటేనే నాకు చిరాకెత్తింది. ఉన్న పొయ్యిలు చాలవు, ఉన్న మనుషులు చాలరు.

మొదటి రోజు వండిన కూర గోడ పట్టుకుని నడిచే ఆవిడ నోట్లో పెట్టుకుంది. అందరం చూస్తున్నాం.

"ఎలాగున్నాది?" అన్నాడు మావ.

"గుడ్డ నమిలినట్టున్నాది" అందావిడ నెమ్మదిగా.

మా ఆవిడ మొహం మాడ్చుకుని లోపలికి వెళ్ళి, వెల్లుల్లి, మిరియాలు దంచి తాలింపు పెట్టి తెచ్చి మళ్ళీ వడ్డించింది. ఈసారి ఆవిడ తింది. ఇంకొంచెం అన్నం అడిగింది. అలా మొదలైంది.

మొదలయ్యాక రేటు మీద గొడవ. ఐటెములు తక్కువ కదా, ప్లేటు రేటుకే ఇద్దామన్నాను. మంచిమాటే కదా? ఆయన ఇంతెత్తున లేచాడు.

"తగ్గించకు. తగ్గిస్తే జాలికూడు అయిపోద్ది. ఫుల్లు రేటే ఎట్టు. అడిగినంతా ఎట్టు. ఈలు ముస్టికి వొచ్చినారేటి?"

డబ్బు తక్కువ తీసుకుంటానంటే తిట్టిన కస్టమరును ఇంకెవరైనా చూశారా? సరే, ఫుల్లు రేటే. తరవాత బోర్డు. పెయింటరు 'చప్పిడి భోజనం' అని సుద్దతో గీసుకుంటే ఈయన పక్కన నిలబడి చెరిపించాడు. "మాకు నోరు తిరగని అచ్చరం మా బోర్డు మీదెందుకు? సప్పిడి అని రాయి. మీల్సు అని రాయి. ఫుల్ మీల్సుకి మీల్సు ఉన్నప్పుడు దీనికెందుకు ఉండదు?" పెయింటరు నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను.

బోర్డు ఎక్కింది. మర్నాడు ఆయన డయాలసిస్ రోజు. వచ్చాడు. నేనే నవ్వుతూ ఎదురెళ్ళి సప్పిడి టోకెన్ చేతిలో పెట్టాను. దాన్ని తిప్పి తిప్పి చూసి కౌంటర్ మీద పడేశాడు.

"నాకు ఫుల్లు."

"మావా! ఇదంతా నీ కోసం కాదా?"

"నాకోసం అని నానెప్పుడన్నాను? అది పేసెంట్లికి."

ఫుల్లు కొట్టిచ్చాను. ఆయన వెళ్ళి తన కుర్చీలో కూర్చుని, అన్నీ వేయించుకుని, తీర్పులన్నీ చెప్పి, సాంబారు గిన్నె డ్రైవరుకు తోసి, సప్పిడి తింటున్నవాళ్ళ ఆకులోంచి చెంచాడు కూర అడిగి తీసుకుని, దాంతో నాలుగు ముద్దలు తిన్నాడు. సప్పిడి కూరే తిన్నాడు. కానీ ఫుల్ మీల్స్ ఆకులో తిన్నాడు. చచ్చేదాకా అదే పద్ధతి.

ఇక ఆ శనివారం సంగతి చెప్పాలి.

ఆ రోజు ఆయనకు డయాలసిస్ లేదు. అయినా వచ్చాడు. లుంగీ కాదు, తెల్లపంచె. తల దువ్వుకున్నాడు. మొహం ఎన్నడూ లేనంత వెలుగ్గా ఉంది. టోకెన్ తీసుకుని కూర్చుని, ప్రార్థన రెండు ముక్కల్లో ముగించాడు. అక్కడే నాకు అనుమానం రావలసింది. పప్పు వేయించుకుని, నెయ్యి వేయించుకుని, పచ్చడి పక్కన పెట్టుకుని పెద్ద ముద్ద కలిపాడు. అప్పడం నలిపి అందులోనే వేశాడు. ఎవరికీ ఇవ్వలేదు.

నేను కౌంటర్ వదిలేసి పరుగెత్తాను. ముద్ద నోటి దాకా వెళ్ళింది. చెయ్యి పట్టుకున్నాను.

"ఏంటిది మావా?"

"ఆకలేసినాది అల్లుడూ." ఆయన గొంతు నేనెప్పుడూ వినలేదు అలా. "జబ్బు వొచ్చిన కాడినుండీ ఆకలన్నది నేదు. కూడు సూస్తే కడుపులో తిప్పడమే. ఇయ్యాల పొద్దున్న లేస్తే ఆకలేసినాది. సుబ్బరంగా. సిన్నప్పుడు ఏసినట్టు. బస్సెక్కి వొచ్చీసినాను."

"అయితే సప్పిడి తిను. ఎంత కావాలంటే అంత పెడతాను."

"ఆకలేసినోడికి సప్పిడి ఎడతావేటి?"

ఆయన కూతురు పలాసలోనే జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేస్తుంది. ఏదైనా అవసరం పడితే చెయ్యమని తన నంబరు మా ఆవిడకు ఇచ్చి ఉంచింది. ఫోన్ చేశాను. విషయం చెప్పేలోపే ఏడుపందుకుంది. "పెట్టకండన్నా. మొన్ననే ఒంట్లో నీరు పట్టీసి ఊపిరాడనేదు. మీకు దండం పెడతాను, పెట్టకండి."

ఫోన్ జేబులో పెట్టుకుని వచ్చి, నిండు హాలులో ఆయన ముందు నుంచి ఆకు లాగేశాను. నా ఇరవై ఏళ్ళ వ్యాపారంలో తింటున్నవాడి ముందు ఆకు తీసింది ఆ ఒక్కసారే. ఆయన ముద్ద చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. కాసేపటికి ఆ ముద్ద టేబులు మీద పెట్టి, లేచి చెయ్యి కడుక్కుని, రోడ్డు దాటి ఎదురు హోటల్లోకి వెళ్ళాడు.

నేను గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాను. వెళ్ళి వాళ్ళకు చెప్పొచ్చు. చెబితే, తమ కస్టమరును లాక్కుపోవడానికి వచ్చానంటారు. చెప్పేలోపే ఆయన తినడం మొదలుపెట్టాడు. తలెత్తకుండా తిన్నాడు. వాళ్ళ సర్వరు సాంబారు బకెట్టుతో వచ్చి, మళ్ళీ వచ్చి, మళ్ళీ వచ్చాడు. అయ్యాక రోడ్డు దాటి తిన్నగా నా కౌంటర్ దగ్గరికే వచ్చాడు.

"ఆడి పప్పు బాగోనేదు. అరటిపండు కుళ్ళిపోనాది." త్రేన్చాడు. "అయినా ఎట్టినాడు."

ఆ రోజు సాయంత్రానికే ఆయాసం. ఆస్పత్రిలో చేర్చి అర్జెంటుగా డయాలసిస్ చేశారు. గండం గడిచింది. చూడ్డానికి వెళ్ళాను. కూతురు వరండాలో కనిపించింది. మంచి పని చేశావన్నా అంటుందేమో అనుకున్నాను. అనలేదు.

"మీరే పెట్టుంటే బాగుణ్ణన్నా" అంది.

"పెట్టొద్దని నువ్వే కదమ్మా దండం పెట్టావు?"

"పెట్టినాను. కానీ మీరయితే కొంచెం కొంచెమే పెట్టీవోరు. ఆళ్ళకేటి తెలుసు, అడిగినంతా పెట్టీసారు."

పెడితే తప్పు, పెట్టకపోతే తప్పు. ఆ కుటుంబంలో అందరిదీ ఒకే నోరు. మెట్లు దిగి వచ్చేశాను. దారి పొడుగునా ఆయన్నీ, ఆయన కూతుర్నీ, నా హోటలునూ, దాని బోర్డునూ తిట్టుకుంటూనే వచ్చాను.

మళ్ళీ తన డయాలసిస్ రోజున ఆయన వచ్చాడు. ఏమీ జరగనట్టు ఫుల్లు టోకెన్ అడిగాడు.

"బుద్ధి వచ్చిందా మావా?"

"బుద్ధి సంగతి అడగతావేటి? ఆకలి వొచ్చిందా అని అడుగు." నా వైపు చూడకుండా చిల్లర సర్దుకున్నాడు. "రానేదు. ఆ ఒక్క దినమే."

ఏడాది తిరక్కుండానే పోయాడు. వానాకాలంలో, ఇంటి దగ్గరే, నిద్రలో. ఫోన్ మా ఆవిడకు వచ్చింది. ఆవిడ ఏడుస్తూ చెప్పింది. నాకు ఏడుపు రాలేదు. ఆ మధ్యాహ్నం ఆయన కుర్చీలో ఎవరో కూర్చుని పెరుగు దాకా తాపీగా తిన్నారు. వాళ్ళను చూస్తే నాకు కోపం వచ్చింది.

కొన్నాళ్ళకు కూతురు హోటలుకు వచ్చింది. జ్ఞాపకార్థ కూటం పెట్టుకున్నారట. భోజనాలు నేనే చెయ్యాలట. నాన్న ముందే చెప్పాడట.

"ఆ రోజు నాకు రెండు పెళ్ళి ఆర్డర్లున్నాయమ్మా."

"నాను సెప్పినానన్నా, ఆయనకి పనులుంటాయి నాన్నా అని. 'తిడతాడు, వొస్తాడు' అన్నాడు."

తిట్టాను. వెళ్ళాను. మనుషులను రెండు పెళ్ళిళ్ళకూ సర్ది, నేనూ మా ఆవిడా గిన్నెలన్నీ ట్రాలీ ఆటోలో వేసుకుని తెల్లారేసరికి వాళ్ళ ఊరు చేరాం. ఇన్నేళ్ళలో నేను ఆ ఊరు వెళ్ళడం అదే మొదలు. కొబ్బరితోట మధ్య పాతిక ముప్ఫై ఇళ్ళు, చివర చిన్న చర్చి. ఆయన భార్య అరుగు మీద కూర్చుని ఉంది. సన్నటి మనిషి.

"నివ్వేనా ఫుల్ మీల్సు అల్లుడివి?" అంది. "మీ మావ ఇంటికొచ్చి నీ వొంటే తిట్టీవోడు. ఇంకెవులి వొంటా తిట్టీవోడు కాడు."

అది మెచ్చుకోలో కాదో తేల్చుకునే తీరిక లేదు. రెండు వైపులా పొయ్యిలు పెట్టించాం. ఒకవైపు మామూలు వంట, ఒకవైపు సప్పిడి. సప్పిడి ఎందరికి కావాలని కూతుర్ని అడిగితే, "సగం వొండండి" అంది. నాకు అర్థం కాలేదు. వచ్చేవాళ్ళలో సగం మందా? అంతెందుకని విసుక్కున్నాను. సగం కంటే తక్కువే వండాను.

పాస్టరుగారు ప్రార్థన ముగించాక చెట్ల కింద పట్టాల మీద బంతులు కూర్చున్నాయి. వడ్డించేవాళ్ళు చాలక నేనే బకెట్లు పట్టుకున్నాను. కుడిచేత్తో మామూలు పప్పు, ఎడమచేత్తో సప్పిడి పప్పు. ప్రతి ఆకు ముందూ వంగి అడగాలి.

"ఉప్పా, సప్పిడా?"

"సప్పిడి బాబూ."

"ఉప్పా, సప్పిడా?"

"సప్పిడి."

"ఉప్పుదే."

"మా ఇద్దరికీ సప్పిడి."

ఎవరూ సిగ్గుపడటం లేదు, బాధపడటం లేదు. పేరు అడిగితే చెప్పినట్టు చెబుతున్నారు. హోటల్లో అయితే కట్టున్న చేతులు వస్తాయి, తింటాయి, వెళ్ళిపోతాయి. ఇక్కడ ఒకే ఆకుల వరసలో మొగుడూ పెళ్ళామూ, అన్నా తమ్ముడూ. మొదటి బంతికే ఎడమచేతి బకెట్టు అడుగంటింది. మా ఆవిడ దూరం నుంచే నన్ను చూసి, అడక్కుండానే ఇంకో ఎసరు పెట్టించింది.

రెండో బంతిలో ఒక తల్లీ కొడుకూ పక్కపక్కన కూర్చున్నారు. తల్లికి యాభై ఉంటాయి, దిట్టంగా, నవ్వుమొహంతో ఉంది. కొడుకు ముప్ఫై లోపే. మూలపేట పోర్టు పనుల్లో టిప్పరు తోలుతాడని, సెలవు పెట్టి వచ్చాడని ఆవిడ అప్పటికే చుట్టుపక్కల అందరికీ చెబుతోంది. తల్లి ఉప్పుదే అంది. వేశాను. అబ్బాయిది మంచి భుజాలున్న శరీరం. ఇతణ్ణి అడిగేదేముందని కుడిచేతి గరిటె అతని ఆకు మీదకు వంచాను.

అతను అరచెయ్యి ఆకు మీద అడ్డం పెట్టాడు.

"సప్పిడి" అన్నాడు.

తల్లి నవ్వింది. "ఆడికేటి తెల్దు బాబూ, ఏదో అనుకుంతన్నాడు. ఉప్పుదే ఎయ్యండి."

అతను చెయ్యి తియ్యలేదు. తల్లి వైపు చూడలేదు. ఆకునే చూస్తూ, "సప్పిడే ఎయ్యండన్నా" అన్నాడు.

ఆవిడ అప్పటికే అన్నం కలిపింది. కలిపిన చెయ్యి ఆకులో అలాగే ఆగిపోయింది.

"ఎప్పట్నుండిరా?"

"తినమ్మా. తిన్నాక సెప్తాను."

నేను రెండు బకెట్లతో వాళ్ళిద్దరి ముందూ వంగి నిలబడ్డాను. నిటారుగా లేవలేను, ముందుకు కదల్లేను. ఆ క్షణంలో మావ గనక బతికి ఎదురుగా ఉంటే ఏమనేవాణ్ణో నాకే తెలియదు. అన్నం అమ్ముకుని బతికేవాణ్ణి. ఒకటే రేటు, ఒకటే వంట, ఎవరినీ ఏమీ అడగక్కర్లేని పని. దాన్ని తీసుకెళ్ళి ఇలా మనుషుల మొహం మీద అడిగే పనిగా మార్చేసి, తను మాత్రం తీరిగ్గా వెళ్ళి పడుకున్నాడు. వెనకాల బంతిలోంచి ఎవరో "పప్పు ఇటు రానేదు" అని కేకేస్తున్నారు.

ఎడమచేతి బకెట్టులోంచి ఒక గరిటె తీసి అతని ఆకులో వేశాను. అతను చెయ్యి పక్కకు తీసుకున్నాడు. నేను ముందుకు జరగబోయాను.

ఆవిడ నా పంచె కొస పట్టుకుని ఆపింది. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, గొంతు మాత్రం మామూలుగానే ఉంది.

"ఇంకో గరిటె ఎయ్యండి బాబూ. ఆడు బాగా తింతాడు."